వయసు రాయని పదకొండు మంది

జగ్గయ్యపేటలో మైథిలిని ‘కంప్యూటర్ మేడమ్’ అనేవాళ్ళు. 1994లో, పెళ్ళయిన రెండో ఏడు, మెయిన్ రోడ్డు వెనక సందులో ఒక గది అద్దెకి తీసుకుని రెండు కంప్యూటర్లతో శిక్షణ కేంద్రం తెరిచింది. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. దుమ్ము పడితే యంత్రం చెడిపోతుందని అప్పట్లో అందరికీ భయం. ఊళ్ళో సగంమంది కుర్రకారు మొదటిసారి కీబోర్డు మీద వేలు పెట్టింది ఆ గదిలోనే. ఏడేళ్ళు గడిచేసరికి సందుకో సెంటరు వెలిసింది. ఆమె తనది మూసేసి, దూరవిద్యలో ఎంసీఏ పూర్తిచేసి, నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరింది.

అప్పట్నుంచీ పొద్దున ఏడున్నర బస్సుకి వెళ్ళడం, సాయంత్రం ఐదింటి బస్సుకి రావడం. ఆ ముప్ఫై కిలోమీటర్ల హైవే మీద నెలకోసారైనా ఏదో ఒక ప్రమాదం కళ్ళబడేది. రోడ్డు పక్కన గోనెపట్టా కప్పిన ఆకారం కనబడితే బస్సులో వాళ్ళంతా ఆ పక్కకి ఒరిగి చూసేవాళ్ళు. మైథిలి మాత్రం చేతిలో పుస్తకంలోకి తల దించుకునేది. చూడలేకపోయేది.

అలాంటి మనిషి దగ్గరికి 2008 జనవరిలో ఒక ఆదివారం పొద్దున జ్ఞానయ్య వచ్చాడు. మున్సిపాలిటీలో పనిచేసి రిటైరైన మనిషి. చేతిసంచీలో ఎనిమిది పొడుగు నోటుపుస్తకాలు తెచ్చాడు. మైథిలి భర్త పార్థసారథి లోపలికి రమ్మన్నా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“మేడమ్ గారూ, మీరు కంప్యూటర్లో ఎక్కిస్తారంట గదా. ఇయ్యి ఎక్కించాల.”

“ఏంటండీ అవి?”

“దిక్కులేని శవాలమ్మా. నేను పూడ్చినయ్యి.”

హైవే మీదో, రైలు పట్టాల పక్కనో, కాలవలోనో దొరికిన శవం కోసం ఎవరూ రాకపోతే, గడువు తీరాక కానిస్టేబుళ్ళు జ్ఞానయ్యకి కబురు పెట్టేవాళ్ళు. 1992 నుంచి 2007 దాకా అలా నూట నలభైమూడు మందిని మట్టిలో పెట్టాడు. ఒక్కొక్కరికి ఒక పేజీ. పైన నంబరు, తేదీ, శవం దొరికిన చోటు, టేపుతో కొలిచిన పొడుగు, ఒంటిమీద గుర్తులు, వేసుకున్న బట్టలు, జేబులో ఉన్నవి. పేజీ అడుగున అన్నం మెతుకులతో అంటించిన చిన్న గుడ్డముక్క. ఐదో తరగతి చదివిన చెయ్యి. అక్షరాలు పెద్దవి, కొట్టివేతలు లేవు. పుస్తకంలో ఉన్న నంబరే గోరీ దగ్గర రాయి మీద పెయింటుతో వేశాడట.

“ఎందుకు రాశారండీ ఇవన్నీ? ఎవరైనా రాయమన్నారా?” అని అడిగింది మైథిలి.

“ఎవరంటారమ్మా! ఎవురో ఒకరు వెతుక్కుంటా వస్తారు గదా. వచ్చినోళ్ళకి చెప్పడానికి ఏదో ఒకటి ఉండాల.”

“వచ్చారా మరి?”

“పదహారేళ్ళలో ఇద్దరు వచ్చారు. నా కళ్ళకి శుక్లాలు పడ్డయ్. ఇంకొన్నాళ్ళుపోతే నా రాత నాకే కనబడదు.”

ఆమె పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది. “ఇక్కడ వయసు వెయ్యలేదేం?”

“చూసి వయసు చెప్పేటట్టు లేడమ్మా ఆ మనిషి. తెలియంది ఎట్టా రాస్తాను?”

బస్సులో తల దించుకునే మైథిలి ఆ పుస్తకాలు తీసుకుంది. ఎందుకు తీసుకుందని పార్థసారథి తర్వాత అడిగితే, “వద్దని చెప్పడానికి నోరు రాలా” అంది.

ఆ రోజుల్లో ఆమె ఒక కొత్త పద్ధతి నేర్చుకుంటూ ఉంది. నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకున్న కాగితాలు బస్సులో చదివేది. మామూలు పట్టికలో అందరికీ ఒకే రకం గడులు ఉండాలి. జ్ఞానయ్య పేజీల్లో ఏ ఇద్దరికీ ఒకే రకం వివరాలు లేవు. ఒకరికి పచ్చబొట్టు, ఒకరికి జేబులో బీడీకట్ట, ఇంకొకరికి పొడుగు తప్ప మరేమీ లేదు. ఈ కొత్త పద్ధతిలో గడుల గొడవే లేదు. తెలిసిన ప్రతి సంగతినీ మూడు ముక్కల చిన్న వాక్యంగా రాసుకోవడమే. అరవయ్యో మనిషి, దొరికిన చోటు, చిల్లకల్లు. చిల్లకల్లు, ఉన్న మండలం, జగ్గయ్యపేట. ఒక వాక్యం చివర మరో వాక్యానికి మొదలవుతుంది. అలా వేల వాక్యాలు ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుపోతాయి.

ప్రశ్న అడగడం కూడా వాక్యాలతోనే. తెలియని ముక్క ఉన్నచోట ఒక ఖాళీ వదిలి, దాని ముందు ప్రశ్నగుర్తు పెట్టి ఒక పేరు ఇవ్వాలి. ‘ఎవరో ఒక మనిషి, దొరికిన చోటు, ఏదో ఒక ఊరు. ఆ ఊరు, ఉన్న మండలం, జగ్గయ్యపేట. ఆ మనిషికే, చేతి మీద, పచ్చబొట్టు.’ ఇలా నాలుగైదు వాక్యాలు పేర్చి ఇస్తే, అన్నిటికీ సరిపోయే వాళ్ళని కంప్యూటరు వల మొత్తం గాలించి తెచ్చిపెడుతుంది. మైథిలి ఈ వాక్యాల అల్లికని జావాలో ప్రోగ్రాముగా రాసింది. వేసవి సెలవులంతా దానికే పోయింది. లైబ్రరీలో పాత పేపర్ల జిల్లా ఎడిషన్లు తిరగేసి, ‘కనబడుట లేదు’ ప్రకటనలు కూడా వాక్యాలుగా మార్చి ఎక్కించింది. ఒకరు జగ్గయ్యపేట అని రాస్తే ఇంకొకరు పేట అని రాశారు. రెండూ ఒకటేనని చెప్పడానికి మరో వాక్యం.

జూన్‌లో మొదటి ముడి పడింది. 1999లో తప్పిపోయిన ఒక లారీ క్లీనరు, జ్ఞానయ్య పుస్తకంలో అరవయ్యో మనిషి. అతని తమ్ముడు వచ్చి, రాయి దగ్గర అగరొత్తులు వెలిగించి, జ్ఞానయ్య చేతులు పట్టుకుని ఏడ్చి వెళ్ళాడు. ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది.

ఆగస్టులో దుర్గాంబ వచ్చింది.

దుర్గాంబది చెవిటికల్లు. కంచికచర్ల దగ్గర, కృష్ణ ఒడ్డున. ఎనిమిదెకరాల రైతు దశరథరామయ్య భార్య. యాభై ఐదేళ్ళుంటాయి. కాలేజీ కంప్యూటర్ ల్యాబులో కుర్చీ అంచున కూర్చుని, కొంగులో కట్టుకొచ్చిన ఫోటో తీసింది. కొడుకు కల్యాణ్. 2003 నవంబరులో, ఇరవయ్యారేళ్ళ వయసులో, పాత ట్రాక్టరు ట్రక్కు ఒకటి అమ్మకానికి ఉందంటే చూసొస్తానని కోదాడ వెళ్ళాడు. తిరిగి రాలేదు.

“వెళ్ళే ముందు రోజు వాళ్ళ నాన్నకీ వాడికీ మాటామాటా అయిందమ్మా. ఈయన మెట్ట చేలో సుబాబుల్ వేద్దామన్నాడు. వాడు మిరపే వెయ్యాలన్నాడు. ‘నా చేలో నా ఇష్టం, నీకు పడకపోతే పో’ అన్నాడు ఈయన. దానికే అలిగి పోయాడని ఊరంతా అనుకున్నారు. ఐదేళ్ళయింది. ఆ చేను బీడు పెట్టేశాడు ఈయన.”

మైథిలి ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. వయసు, పొడుగు, బయల్దేరిన తేదీ, వెళ్ళిన దారి. గుర్తులేమైనా?

“ఎడమ చెవికి కుట్లున్నాయి. చిన్నప్పుడు ఎద్దు కొమ్ము తగిలింది.”

జ్ఞానయ్య పుస్తకాలు బీరువాలో అక్కడే ఉన్నాయి. దుర్గాంబ వాటివంక చూసింది. “నన్ను చూడమంటారా?”

మైథిలికి ఆ గుడ్డముక్కలు గుర్తొచ్చాయి. ఒక తల్లి చేత ఆ నూట నలభైమూడు పేజీలూ తిప్పించడమా? “మీరెందుకండీ, అవి చూడలేరు. కంప్యూటరు చూస్తుంది” అంది.

వాక్యాలు పేర్చింది. మగమనిషి. వయసు ఇరవై రెండుకీ ముప్ఫైకీ మధ్య. పొడుగు ఇంత. దొరికిన తేదీ 2003 నవంబరు నుంచి ఇటు. చెవికి గుర్తు. మీట నొక్కితే తెర మీద ఒక్క వరస కూడా రాలేదు.

“మీ అబ్బాయి ఇందులో లేడండీ” అంది మైథిలి.

దుర్గాంబ ఫోటో మళ్ళీ కొంగులో కట్టుకుంది. తర్వాత లేచి, మైథిలి రెండు చేతులూ తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆ సాయంత్రం బస్సులో మైథిలి మనసు తేలిగ్గా ఉంది. ఒకరికి మంచి మాట చెప్పి పంపించానని అనుకుంది.

ఆర్నెల్ల తర్వాత, 2009 ఫిబ్రవరిలో, ఆ తేలిక పోయింది.

ఫైనలియర్ పిల్లలకి ఈ పద్ధతి గురించి రెండు క్లాసులు చెబుదామనిపించి, మధ్యాహ్నం ల్యాబులో ఒక్కతే కూర్చుని ఉదాహరణలు తయారుచేస్తోంది. ‘ఎవరో ఒక మనిషి, పుస్తకంలో నంబరు, ఏదో ఒకటి’ అని అడిగింది. నూట నలభైమూడు వరసలు వచ్చాయి. కింద ఇంకో వాక్యం చేర్చింది: ‘ఆ మనిషికే, వయసు, ఏదో ఒకటి.’ ఈసారి నూట ముప్ఫైరెండు.

పదకొండు మంది ఏమయ్యారు?

మళ్ళీ నొక్కింది. మళ్ళీ నూట ముప్ఫైరెండే. అప్పుడు తట్టింది. జ్ఞానయ్య వయసు రాయని పేజీలు. పేర్చిన వాక్యాలన్నిటికీ సరిపోయిన వాళ్ళనే ఆ ప్రశ్న తెస్తుంది. వయసు గురించిన వాక్యమే లేని మనిషి మిగతావన్నీ సరిపోయినా రాడు. కనీసం ఒక మనిషిని వదిలేశానని కూడా కంప్యూటరు చెప్పదు. తప్పు యంత్రానిది కాదు. వయసు తప్పకుండా ఉండాలని అడిగింది తను. ఆ పేజీలు స్వయంగా చూసి, ‘ఇక్కడ వయసు వెయ్యలేదేం’ అని అడిగింది కూడా తనే.

కాగితాల్లో చదివిన మాట ఉంది, ఆప్షనల్ అని. వయసు ఉంటే తీసుకో, లేకపోతే పోనీ, మనిషిని మాత్రం వదలకు అని చెప్పడం. దుర్గాంబ కోసం రాసిన ప్రశ్న తెరిచి వయసు వాక్యాన్ని అలా మార్చింది. అయినా ఏమీ రాలేదు. కొంచెం ఊపిరి పీల్చుకోబోయి ఆగింది. కింద ఇంకో షరతు ఉంది, వయసు ఇరవై రెండుకీ ముప్ఫైకీ మధ్య ఉండాలని. వయసే లేనివాడు ఆ షరతు దగ్గర మళ్ళీ రాలిపోతాడు. దాన్ని కూడా మార్చింది: వయసు తెలియకపోయినా సరే, తెలిస్తే మాత్రం ఆ మధ్యలో ఉండాలి.

ఒక్క వరస వచ్చింది. తొంభై ఏడు.

లేచి బీరువా తీసి ఐదో పుస్తకంలో ఆ పేజీ వెతికింది. ‘నవంబరు 2003. చిల్లకల్లు దాటాక కల్వర్టు దగ్గర. లారీ. పొడుగు ఐదడుగుల ఏడంగుళాలు. ఎడమ చెవికి పాత కుట్లు. జేబులో కోదాడ నుంచి నందిగామ టికెట్టు.’ వయసు దగ్గర ఒక గీత. కింద నీలం గళ్ళ గుడ్డముక్క.

మర్నాడు జ్ఞానయ్యకి చెప్పింది. “ఫోన్లో చెప్పే మాట కాదమ్మా” అన్నాడు ఆయన. “నేనూ వస్తా. ఆ బిడ్డని పెట్టింది నేనేగా.”

ఇద్దరూ కంచికచర్లలో బస్సు దిగి ఆటో ఎక్కారు. చెవిటికల్లులో దుర్గాంబ ఎదురొచ్చి, మైథిలిని చూడగానే విప్పారిన మొహంతో, “మావాడి కబురు తెలిసిందామ్మా?” అంది.

అరుగు మీద నులకమంచంలో దశరథరామయ్య కూర్చుని ఉన్నాడు. జ్ఞానయ్య మెట్ల కిందే నిలబడ్డాడు. మైథిలి కూర్చోలేదు.

“దుర్గాంబ గారూ, ఆగస్టులో మీకు నేను తప్పు చెప్పానండి” అంది.

చెప్పాల్సింది చెప్పింది. తన ప్రశ్నలో ఎక్కడ పొరపాటు జరిగిందో కూడా చెప్పబోయింది కానీ, ఆ అరుగు మీద ఆ మాటలకి అర్థం లేదని తెలిసి మధ్యలో ఆపేసింది. పుస్తకం తెరిచి పేజీ చూపించింది. దుర్గాంబ దాన్ని ముట్టుకోలేదు. లోపల్నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఇరవయ్యేడు, ఇరవయ్యెనిమిదేళ్ళుంటాయి. కల్యాణ్ భార్య సింధూర. అతను పోయేనాటికి పెళ్ళయి ఏడాది. అతనికి పెళ్ళయిందన్న సంగతే మైథిలికి అప్పటిదాకా తెలియదు. తను అడగలేదు, దుర్గాంబ చెప్పలేదు.

సింధూర వంగి గుడ్డముక్క చూసింది. వేలితో దాని అంచు తడిమింది.

“ఈ చొక్కా నేనే కుట్టా” అంది. “జేబు దగ్గర గళ్ళు కలవలేదని ఆయన నవ్వారు.”

అప్పుడు దుర్గాంబ ఏడుపు మొదలైంది. ఏడుస్తూనే మైథిలి వైపు తిరిగింది. “మరి లేడన్నావు కదమ్మా! ఇందులో లేడన్నావు. నీ మాట పట్టుకుని వేదాద్రి వెళ్ళి స్వామికి మొక్కుకొచ్చా. ఊరందరికీ చెప్పుకున్నా, నా కొడుకు ఉన్నాడని!”

మైథిలి తల దించుకుంది.

దశరథరామయ్య మంచం మీద నుంచి ముందుకి వంగాడు. మెట్ల కిందున్న జ్ఞానయ్యని అడిగాడు. “టికెట్టు ఎక్కడి నుంచి ఎక్కడికి?”

“కోదాడ నుంచి నందిగామకండీ.”

“నందిగామకేనా?”

“నందిగామకేనండీ. నా చేత్తో తీశాను. చిల్లకల్లు దగ్గర బస్సు ఆగిపోతే దిగి, రోడ్డు దాటుతున్నాడని అక్కడోళ్ళు చెప్పారు.”

“అయితే ఇంటికే వస్తున్నాడు” అన్నాడు దశరథరామయ్య. ఇంకోసారి అన్నాడు. తర్వాత మంచం మీద పక్కకి జరిగి, “పైకి రండి. ఇక్కడ కూర్చోండి” అన్నాడు జ్ఞానయ్యతో. జ్ఞానయ్య తటపటాయించాడు. ఆయన చెయ్యి చాపితే పట్టుకుని మెట్లెక్కి పక్కన కూర్చున్నాడు. “చెప్పండి. వాణ్ణి ఎట్టా పడుకోబెట్టారు?” అని అడిగాడు దశరథరామయ్య. జ్ఞానయ్య మెల్లగా, ఏదీ దాచకుండా, ఏదీ కలపకుండా చెప్పుకుంటూ వెళ్ళాడు.

మైథిలి ఆటో దగ్గరికి నడుస్తుంటే సింధూర వెనకే వచ్చింది.

“మేడమ్, ఒక మాట. కిందటి ఆగస్టులో మా అమ్మావాళ్ళు నాకు సంబంధం చూశారు. అన్నీ తెలిసి ఒప్పుకున్న మనిషే. మీ దగ్గర్నుంచి వచ్చి మా అత్తయ్య వద్దంది. నేనూ వద్దన్నా. వాళ్ళు ఇంకో పిల్లని చేసుకున్నారు.”

మైథిలి ఆగింది. “నేను... నాకు తెలీదమ్మా.”

“మిమ్మల్ని అనడానికి చెప్పట్లేదు. మీరు ‘ఇందులో లేడు’ అన్నారు. మేం ‘ఉన్నాడు’ అని విన్నాం. ‘తెలీదు’ అని చెప్పుంటే సరిపోయేది మేడమ్.” ఆ మాట అని, కళ్ళు తుడుచుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ఆ పద్ధతి గురించి కాగితాల్లో మొదటి పేజీలోనే ఉన్న మాట అది. ఒక సంగతి రాసి లేదంటే అది జరగలేదని కాదు, మనకి తెలియదని మాత్రమే. పరీక్షలో వస్తుందని పిల్లలకి బోర్డు మీద రాసి, రెండుసార్లు చదివించడానికి మైథిలి సిద్ధం చేసుకున్న వాక్యం. దాన్ని ఆమె నిజంగా నేర్చుకుంది చెవిటికల్లు రోడ్డు మీద.

ఫిర్యాదు ఒక ఠాణాలో, శవం దొరికింది ఇంకో ఠాణా పరిధిలో. రికార్డులు కలిపి, ఫోటో సరిచూసి, కాగితం చేతికి రావడానికి రెండు నెలలు పట్టింది. మైథిలి సెలవులు పెట్టి ప్రతిసారీ దశరథరామయ్య వెంట వెళ్ళింది. ఏప్రిల్‌లో ఆయన తొంభై ఏడో రాయి దగ్గర దోసెడు మట్టి తీసి తువ్వాల్లో కట్టుకుని, ఊరికి తీసుకెళ్ళి కృష్ణలో కలిపాడు. జ్ఞానయ్యని పిలిచాడు. మైథిలిని కూడా పిలిచాడు కానీ ఆమె రేవు దాకా వెళ్ళి దూరంగా నిలబడింది. దుర్గాంబ ఆమెతో మాట్లాడలేదు. తర్వాత ఒకసారి నందిగామ బస్టాండులో ఇద్దరూ ఎదురుపడ్డారు. దుర్గాంబ ఆగింది, తల కొంచెం ఊపింది, బస్సెక్కి వెళ్ళిపోయింది.

సింధూర పుట్టింటికి వెళ్ళలేదు. బీఎడ్‌లో చేరతానంటే, చదివిస్తానని దశరథరామయ్యే కాలేజీకి తీసుకెళ్ళాడు. రెండో పెళ్ళి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదని, ఎత్తితే జవాబు తనే చెబుతానందని జ్ఞానయ్య ద్వారా తెలిసింది. అంతకుమించి అడిగే హక్కు తనకి లేదనుకుంది మైథిలి.

మిగతా పదిమంది పేజీలు ఆమె చేత్తో తిరగరాసింది. పాత ప్రశ్నలన్నీ మళ్ళీ వేసింది. అంతకుముందు ‘లేరు’ అని చెప్పి పంపించిన కుటుంబాలు, దుర్గాంబ వాళ్ళు కాక, తొమ్మిది. ఒక్కొక్కరి ఊరికీ ఆదివారాలు వెళ్ళి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పింది. ఒకచోట తలుపు తియ్యలేదు. ఇంకోచోట, ముప్పాళ్ళలో, ఒక ముసలాయన ఆమె చెప్పిందంతా విని, “ఇది చెప్పడానికి ఇంతదూరం వచ్చావా?” అని మజ్జిగ ఇచ్చాడు. ఆ తొమ్మిదిమందిలో మరొకరు పుస్తకంలో దొరికారు. మిగిలినవాళ్ళు దొరకలేదు. ప్రోగ్రాములో ‘లేరు’ అనే మాటనే తీసేసింది. అడిగిన వివరాల్లో ఏది ఎందరికి రాసి లేదో, వాళ్ళ పేజీ నంబర్లేమిటో, ఇప్పుడు ప్రతి జవాబు కిందా విడిగా వస్తాయి.

ఆ ఏడు డిసెంబరులో మధిర వైపు నుంచి వెంకటరత్నం అనే ఆయన ల్యాబుకి వచ్చాడు. చెల్లెలు తప్పిపోయి నాలుగేళ్ళట. ఫోటో తియ్యబోతుంటే మైథిలి ఆపి, కుర్చీ ఆయన ఎదురుగా లాక్కుని కూర్చుంది.

“ముందు ఒక సంగతి వినండి. ఇందులో మీ చెల్లెలు కనబడకపోతే దానర్థం ఆవిడ బతికుందని కాదు, లేదనీ కాదు. మాకు తెలీదని మాత్రమే. ఇది అర్థమైందని మీరు చెబితేనే మొదలుపెడతా.”

“అర్థమైందండీ” అన్నాడు ఆయన. “మరి ఆ పుస్తకాలు నన్ను చూడనిస్తారా?”

“చూడండి. కష్టంగా ఉంటుంది. నేనూ మీ పక్కనే కూర్చుంటా” అంది మైథిలి. బీరువా తెరిచి ఎనిమిది పుస్తకాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది. మొదటి పేజీ ఆయనే తిప్పాడు.